బ్రెజిల్ ఫంక్, అనీటా: కన్సోల్ దగ్గర నాకు తగిలే అపోహలు

పోయిన ఏడాది విజయవాడలో ఒక కాలేజీ ఫెస్ట్‌లో సెకండియర్ కుర్రాడొకడు కన్సోల్ మీదకి వంగి, "అన్నా, ఆ బ్రెజిల్ ఫోంక్ వెయ్యన్నా, కార్ల రీల్స్‌లో వస్తుంది కదా" అన్నాడు. వేశాను, గెంతాడు. వెంటనే బ్రెజిల్ పాటగత్తె అనీటా పాట అందుకుంటే మొహం మాడ్చుకుని "ఇది ఫోంక్ కాదన్నా" అన్నాడు. నిజమే బాబూ, కాదు. డీజేగా పన్నెండేళ్లనుంచి పెళ్లిళ్లూ ఫెస్టులూ చేస్తున్నాను, బ్రెజిల్ ఫంక్ గురించి, అనీటా గురించి ఇన్ని తప్పుడు మాటలు విన్నాక ఒక్కచోట రాసి పెట్టేస్తే పోతుందనిపించింది.

అపోహ: ఫంక్, ఫోంక్ ఒకటే.

కాదు. ఫోంక్ మూలాలు అమెరికాలోని మెంఫిస్ ర్యాప్‌లో ఉన్నాయి. రీల్స్‌లో మోగే 'బ్రెజిలియన్ ఫోంక్' అనేది రియో బీట్లను తీసుకుని, చాలావరకు బ్రెజిల్ బయటివాళ్లు తగిలించిన లేబుల్. అసలు సరుకు రియో డి జనీరో బస్తీల ఫంక్, అక్కడివాళ్లు పలికేది 'ఫంకీ' అని. పేరు చూసి అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ ఫంక్ అనుకునేవాళ్లూ ఉన్నారు. 1970లలో రియో డాన్సుల్లో ఆ నల్లజాతి అమెరికన్ సంగీతమే మోగేది కాబట్టి పేరు అలా అతుక్కుపోయింది, 80లలో అమెరికా నుంచి మయామీ బేస్ అనే డ్రమ్ మెషీన్ సంగీతం రికార్డులొచ్చి పాట మొత్తం మారిపోయినా పేరు మాత్రం మారలేదు. 1989లో డీజే మార్ల్‌బోరో పోర్చుగీసు పాటలతో ఒక ఆల్బమ్ తెచ్చాక అది పూర్తిగా బ్రెజిల్ సొంతమైంది.

అపోహ: అదేం సంగీతం, రెండు డ్రమ్ములు కొట్టి కేకలేయడమే కదా.

దీనికి మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఒక పని చేయండి. ఫోన్ పక్కన పెట్టి నోటితో అనండి: తకిట తకిట తకధిమి తకిట తకిట. మూడు, మూడు, నాలుగు, మూడు, మూడు, మొత్తం పదహారు. ఇప్పుడు ప్రతి ముక్కలో మొదటి 'త' మీద మాత్రమే చప్పట్లు కొట్టండి, మిగతావి నోట్లోనే నడవనివ్వండి. ఫంక్‌లో ఎక్కువగా వినపడే నడక అదే, నాలుగుసార్లు తిప్పేసరికి నడుము దానంతటదే కదులుతుంది. 90ల చివర్లో దీనికి ఆఫ్రికన్ మూలాలున్న డోళ్ల వరస కలిసి 'టాంబొర్జావ్' తయారైంది, ఆ మాటకి అర్థం పెద్ద డోలు. ఒకసారి బరాత్‌లో తీన్‌మార్ కింద ఈ లూప్ సన్నగా వదిలితే, డప్పు కొట్టే పెద్దాయన రెండు నిమిషాల్లో పట్టేసి ఆ ఖాళీల్లో సొంతంగా దెబ్బలు వేయడం మొదలెట్టాడు. ఆయనకి రియో ఎక్కడుందో తెలియదు, అవసరమూ లేదు.

అపోహ: అనీటా అందం, అదృష్టం కలిసొచ్చి పైకొచ్చింది.

అసలు పేరు లారిస్సా దె మసేడో మషాడో. 1993లో పుట్టింది. చిన్నప్పుడు పాడింది చర్చి కోయర్‌లో. (మన ఎల్.ఆర్.ఈశ్వరి గారు క్లబ్ పాటలూ పాడారు, అమ్మవారి పాటలూ పాడారు. గొంతుకి ఆ గోడలుండవు.) టీనేజ్‌లో అడ్మినిస్ట్రేషన్ కోర్సు చదివి, వాలే అనే పెద్ద గనుల కంపెనీలో ఇంటర్న్‌గా చేరింది. యూట్యూబ్‌లో పెట్టిన వీడియో ఒకటి 'ఫురకావ్ 2000' వాళ్ల కంట్లో పడింది. ఫురకావ్ అంటే తుఫాను. స్పీకర్లను గోడలా పేర్చి బస్తీ డాన్సులు నడిపే పాత సౌండ్ కంపెనీ అది. అలా 2010లో ఒక టీవీ సీరియల్ కథానాయిక పేరు నచ్చి, దానికి ఇంకో అక్షరం చేర్చుకుని ఎంసీ (మైకు పట్టి పాడే ఫంక్ కళాకారులకి ముందు పెట్టే బిరుదు) అనీటా అయ్యింది.

2013లో 'షో దాస్ పొడెరోజాస్' దేశమంతా మోగిపోయింది, వార్నర్ రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరింది. అసలు కథ ఆ తర్వాతే మొదలైంది. 2014లో మేనేజర్‌తో తెగదెంపులు చేసుకుని తన వ్యవహారం తనే చూసుకోవడం మొదలెట్టింది. కాంట్రాక్టులు, రేట్లు, ఏ పాట ఏ నెలలో, ఎవరితో, ఏ భాషలో, అన్నీ. 2017 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా నెలకో పాట వదిలింది, ఇంగ్లీషు, స్పానిష్, చివరికి పోర్చుగీసు ఫంక్. వరసగా చూస్తే అది పాటల లిస్టు కాదు, మార్కెట్ పరీక్ష. ఇంటర్న్‌షిప్‌లో కూర్చుని ఆ అమ్మాయి ఏం నేర్చుకుందో నాకు అక్కడ కనపడింది. పేమెంట్ అడ్వాన్స్ తీసుకోవడానికే మొహమాటపడే నాలాంటివాళ్లకి అసూయ కూడా వేసింది.

అపోహ: ఆమె ఫవేలాలో, అంటే కొండ మీది బస్తీలో పుట్టింది.

ఒనోరియో గుర్జెల్‌లో పెరిగింది. రియో ఉత్తరాన, బీచ్‌కి దూరంగా ఉండే మామూలు కష్టజీవుల పేట అది. ప్రతి ఫంక్ పాటగత్తెనీ ఫవేలాలో పుట్టించేస్తే కథ బాగుంటుందని రాసేవాళ్ల సరదా.

అపోహ: ఫంక్‌లో ఆడవాళ్లు వట్టి బొమ్మలు, పాటలు బూతులు.

బూతులున్నాయి, లేవని నేను బుకాయించను. మగాళ్లు పాడినప్పుడు ఎవరికీ పట్టని ఆ బూతు, టాటి కెబ్రా బరాకో అనే ఫంక్ పాటగత్తె పాడేసరికి గొడవైంది. ఆమె రియోలోని సిడాడె డె డెయుస్ బస్తీ మనిషి, పిల్లల క్రెష్‌లో వంటమనిషిగా పనిచేసింది, చిన్నవయసులోనే తల్లయింది. తనకేం కావాలో, ఏది అక్కర్లేదో మైకు పట్టుకుని చెప్పింది, అందగత్తెను కానని కూడా తనే పాడింది. 2000ల మొదట్లో ఆమె తెరిచిన దారిలోనే మిగతావాళ్లు నడిచారు. 2017 డిసెంబర్‌లో వచ్చిన అనీటా 'వై మలాండ్రా' వీడియో చూడండి, విడిగల్ ఫవేలాలో తీశారు. మొదటి షాట్‌లోనే ఆమె వెనకభాగం మీద సెల్యులైట్ గుంటలు అలాగే వదిలేశారు, కంప్యూటర్లో నున్నగా చేయలేదు. డాబా మీద టేపు అతికించి చేసిన బికినీల్లో ఆడవాళ్లు ఎండకి పడుకుని ఉంటారు, ఒంటి మీద గీత పదునుగా పడాలని రియో శివార్లలో నిజంగానే అలా చేస్తారు. దాన్ని బొమ్మలాట అనాలో, సొంత ఒంటి మీద సొంత అధికారం అనాలో మీరే చూసుకోండి, నేను రెండోదే అంటాను.

అపోహ: ఫంక్ అంటే రౌడీల సంగీతం, నిషేధించారు కూడా.

రియో రాష్ట్రం 2009లో దీన్ని సాంస్కృతిక ఉద్యమంగా గుర్తిస్తూ చట్టం చేసింది, అంతకుముందు ఏడాది డాన్సుల మీద తెచ్చిన కఠిన నిబంధనల్ని ఎత్తేసింది. 2017లో ఫంక్‌ని నేరంగా ప్రకటించాలని ఇరవై వేలకి పైగా సంతకాలతో ఒక ప్రతిపాదన సెనేట్ దాకా వెళ్లి అక్కడే తిరస్కరణకు గురైంది. ఒకప్పుడు సాంబా వాయించేవాళ్లనీ పోలీసులు ఇలాగే తరిమారు. గ్యాంగుల్ని పొగిడే 'ప్రొయిబిడావ్' అనే రకం ఉన్నమాట నిజం, అయితే దాన్నిబట్టి మొత్తాన్ని తూకం వేయడం కుదరదు. 2019 డిసెంబర్‌లో సావో పాలో పారైజోపోలిస్ బస్తీలో ఫంక్ డాన్స్ జరుగుతుండగా పోలీసు ఆపరేషన్‌లో 9 మంది కుర్రకారు చనిపోయారు. డాన్స్‌కి వెళ్లిన పిల్లలు వాళ్లు.

అపోహ: అనీటా 'ఎన్వోల్వేర్' ఫంక్ పాట.

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, బెట్ కట్టి మరీ. 2022 మార్చిలో స్పాటిఫై రోజువారీ ప్రపంచ లిస్టులో నంబర్ వన్ అయిన ఆ పాట స్పానిష్ రెగెటాన్, అంటే లాటిన్ దేశాల ఇంకో రకం డాన్స్ సంగీతం. ఫంక్ పిల్లగా మొదలై, ప్రపంచం తలుపు తీయడానికి వేరే దేశం బీటు, వేరే భాష వాడాల్సి వచ్చింది. బ్రెజిల్‌లో చాలామంది "ఫంక్ వదిలేసింది" అని సణిగారు కూడా. రెండేళ్లకి, 2024 ఏప్రిల్‌లో 'ఫంక్ జెనరేషన్' ఆల్బమ్‌తో పాత ఇంటికి తిరిగొచ్చింది, అదే ఏడాది తను పాటించే కాండొంబ్లే అనే ఆఫ్రికన్ మూలాల బ్రెజిల్ మతం చూపిస్తూ వీడియో ప్రకటిస్తే రెండు గంటల్లో రెండు లక్షల మంది ఫాలోవర్లు పోయారని తనే చెప్పింది. ఆ మతం పూజల్లో కొట్టే డోళ్ల జాడ మీరిందాక కొట్టిన చప్పట్లలోనూ ఉంది.

డీజే తమ్ముళ్లకి ఒక మాట: పాత ఫంక్ 130 బీపీఎం (నిమిషానికి బీట్లు) చుట్టూ ఉంటుంది, 2017 తర్వాత రియోలో 150 వచ్చింది. రెండూ పక్కపక్కనే పెట్టి సింక్ బటన్ నొక్కేయకండి, గొంతు చిలకపలుకైపోతుంది. మధ్యలో బీట్ ఆపి ఉత్త గొంతు నాలుగు బార్లు వదిలి, అప్పుడు కొత్త స్పీడ్‌లోకి దూకండి.