ఈ పిట్టకి పానకం పెట్టకండి

న్యూజెర్సీలో మా పెరట్లో హమ్మింగ్‌బర్డ్ అనే చిన్న పిట్ట కోసం తీపి నీళ్లు పోసి వేలాడదీసే ఫీడర్ కట్టిన ఏడాది అమ్మ ఇక్కడే ఉంది. పొయ్యి మీద పంచదార నీళ్లు చూసి, "ఆ తెల్ల చక్కెర ఎందుకురా, కాస్త బెల్లం వేసి పానకం పెట్టు" అంది. మనకైతే సరే గానీ బెల్లంలోని ఇనుము ఈ పిట్ట ఒంటికి పడదు. తేనె కలిపితే త్వరగా పులిసి బూజు పడుతుంది. ఈ పిట్ట వాలే పూలలోని మకరందంలో ఎక్కువగా ఉండేది సుక్రోజ్, అంటే మన డబ్బాలోని పంచదారే. కాబట్టి ఒక కప్పు పంచదారకి నాలుగు కప్పుల నీళ్లు, కరిగాక పూర్తిగా చల్లార్చి పోయడం, అంతే. ఎర్ర రంగు కలపక్కర్లేదు, ఫీడర్ ఎర్రగా ఉంటే చాలు.

మా దగ్గరికొచ్చేది రూబీ త్రోటెడ్ రకం. సుమారు 3 గ్రాములుంటుంది, రెక్కలు మాత్రం సెకనుకి 50 సార్లు కొట్టుకుంటాయి. అంత ఖర్చున్న ఒంటికి రాత్రంతా ఉపవాసమంటే మాటలా? అందుకే చలి రాత్రుల్లో ఒళ్లు చల్లబరచుకుని, గుండె వేగం బాగా తగ్గించుకుని, చచ్చిపోయిందేమో అన్నట్టు పడి ఉంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది దాని నాలుక. సన్నటి గొట్టంలో నీరు పైకి పాకినట్టు పూలతేనె దానంతటదే నాలుకలోకి ఎక్కుతుందని చాలాకాలం అనుకున్నారు. 2011లో వేగంగా తీసిన వీడియోల్లో వేరే సంగతి కనబడింది: చీలిన నాలుక కొస తేనెలో మునగగానే అంచుల కుచ్చులు విచ్చుకుంటాయి, బయటికి లాగేటప్పుడు ముడుచుకుని తేనెని పట్టేస్తాయి, సెకనుకి పదిసార్లకు పైగా! ఇంకో తమాషా, పక్షులకి తీపి తెలిసే జన్యువు ఎప్పుడో పోయింది. హమ్మింగ్‌బర్డ్‌ల పూర్వీకుల్లో మాంసం రుచి పసిగట్టే గ్రాహకమే మారి పంచదారని గుర్తుపట్టసాగిందని 2014లో తేలింది.

జులైలో ఒకసారి నాలుగు రోజులు ఊరెళ్లొచ్చేసరికి ఫీడర్‌లో నీళ్లు కుడితిలా తెల్లబడి, రంధ్రాల చుట్టూ నల్లటి బూజు. తప్పు నాదే. అప్పట్నుంచి ఎండాకాలంలో రెండు రోజులకోసారి వేడినీళ్లతో, బ్రష్షుతో కడుగుతున్నాను. పంచదార నీళ్లొక్కటే వాటికి తిండి కాదు, మాంసకృత్తులకి చిన్న పురుగులు కావాలి, అందుకే మొక్కలకి మందు కొట్టడం మానేశాను.

అమ్మ మాత్రం "ఇది మన తేనెపిట్టే కదా" అంటుంది. కాదమ్మా, అవి వేరే కుటుంబం, హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లోనే ఉంటాయి అని ఎన్నిసార్లు చెప్పినా, ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది అదే పేరుతో: "తేనెపిట్టలొచ్చాయా?"