తేలిక పెట్టె యాడికి పోతుంది?

"తేలికవే కదన్నా, యాడికి పోతాయి?" కర్నూలులో లోడింగ్ చేస్తూ ఒక హమాలీ అన్న మాట ఇది. కంటైనర్ లారీలో చిప్స్ ప్యాకెట్ల అట్టపెట్టెలు ఎక్కిస్తున్నారు. ఒక్కో పెట్టె నాలుగు కిలోలు. నేషనల్ హైవే 44 మీద దాదాపు 150 కిలోమీటర్లు నడిచి బండి అనంతపురం చేరింది. గోడౌన్ ముందు తలుపు తీయగానే నాలుగు పెట్టెలు నా కాళ్ల ముందు పడ్డాయి. లోపల క్యాబిన్ వైపు ఉన్న వరుస మూలలు చితికి, పొట్ట ఉబ్బి ఉంది.

అదే దారిలో సిమెంటు బస్తాలు కదలకుండా వస్తాయి. మరి ఇవెందుకు కదిలాయి?

ఇంట్లోనే చేసి చూడండి. ఒక చెక్క మీద ఖాళీ అట్టపెట్టె పెట్టి, చెక్కను ఒకవైపు మెల్లగా ఎత్తండి. ఏ వాలు దగ్గర జారిందో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు పెట్టెలో పుస్తకాలు నింపి మళ్లీ ఎత్తండి. దాదాపు అదే వాలులో జారుతుంది. బరువు పెరిగితే ఘర్షణ పెరుగుతుంది, దాంతోపాటు ముందుకు లాగే బలమూ అంతే పెరుగుతుంది. అందుకే బ్రేక్ వేసినప్పుడు జారడానికి బరువూ తేలికా తేడా లేదు.

అట్టకూ లారీ లోపలి చెక్క నేలకూ మధ్య ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 0.3 అనుకుందాం. అంటే పెట్టె వేగాన్ని ఆ నేల ప్రతి సెకనులో, సెకనుకు 3 మీటర్ల చొప్పునే తగ్గించగలదు. డ్రైవర్ గట్టిగా బ్రేక్ వేస్తే లారీ వేగం 5 మీటర్ల చొప్పున తగ్గుతుంది. మిగిలిన 2 మీటర్ల తేడాతో పెట్టె ముందుకు జారుతుంది. ముందు 10 సెంటీమీటర్ల సందు ఉంటే సెకనుకు 0.6 మీటర్ల వేగంతో తగులుతుంది, మీటరు సందు ఉంటే 2 మీటర్ల వేగంతో. దెబ్బలోని శక్తి పది రెట్లు! సందు లేకపోయినా తోపుడు ఆగదు. వెనకున్న 24 వరుసల తోపుడు కలిసి, అన్నిటికన్నా ముందున్న ఆ నాలుగు కిలోల పెట్టె మీద దాదాపు 20 కిలోల బరువంత పడుతుంది. లోపల గాలి నింపిన ప్యాకెట్లే కాబట్టి ఆ భారమంతా అట్టే మోయాలి.

తేలిక సరుకు అసలు కష్టం మాత్రం కమాన్ కట్టల (ఇరుసుల మీద బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుల) దగ్గర ఉంది. పది టన్నుల కోసం చేసిన కమాన్లు రెండు టన్నులకు సరిగా వంగవు. బండి గుంతలో దిగి పైకి లేచినప్పుడల్లా నేల పెట్టెను ఎగరేస్తుంది. నేల వదిలిన ఆ క్షణంలో ఘర్షణ సున్నా. అప్పుడు చిన్న వంపు చాలు, పెట్టె కాస్త పక్కకు జరుగుతుంది. ఇలా వందల సార్లు జరిగితే పెట్టె నడిచినట్టే. నిండు సిమెంటు లారీలో కమాన్లు బాగా వంగి కుదుపును మింగుతాయి, బస్తాలు ఒకదానిలో ఒకటి ఒదిగిపోతాయి.

తాడు బిగిస్తే సరిపోతుందనుకుంటారు. బిగించే కొద్దీ తాడు అట్ట అంచును కోస్తూ లోపలికి దిగుతుంది, అట్ట నలగగానే వదులైపోతుంది. అంచుల మీద మడిచిన మందపాటి అట్ట పెట్టి, తాడుకు బదులు వెడల్పు బెల్ట్ వాడాలి. సందుల్లో ఖాళీ అట్టలో, గాలి నింపే సంచులో కూరాలి.

పేర్చడంలోనూ కిటుకు ఉంది. అట్టపెట్టె బలం ఎక్కువగా నాలుగు మూలల్లోనే ఉంటుంది. మూల మీద మూల వచ్చేలా నిలువుగా పేరిస్తే కింది పెట్టె బాగా మోస్తుంది. గోడ ఇటుకల్లా అడ్డంగా పేరిస్తే దొంతర పట్టుగా ఉంటుంది గానీ, పై మూల కింది పెట్టె నడుమ మీద కూర్చుని దాన్ని నలిపేస్తుంది. కింది వరుసలు నిలువుగా, పై రెండు మాత్రం ఇటుకల్లా పెట్టడం నాకు నచ్చిన పద్ధతి.

ఇప్పుడు మా సరుకుకు తలుపు దగ్గర చివరి వరుసను సగం ఎత్తుకే ఆపి, దాని వెనక వల కట్టిస్తున్నాను. దించేటప్పుడు ముందు ఒక్క తలుపే జానెడు తీసి, లోపల ఏదైనా ఆనుకుని ఉందేమో చూశాకే రెండోది తీస్తున్నాం.