చిన్న కుక్కకి కడుపు బాగోలేకపోతే

పిల్లలూ,

వీధిలోంచి తెచ్చుకున్న కుక్కకి రెండు రోజులుగా మోషన్స్ అవుతున్నాయని, ఇంట్లో ఒకరు పెరుగన్నం పెట్టమంటే ఇంకొకరు గ్లూకోజ్ తాగించమంటున్నారని, పక్కింటావిడ ఏదో మాత్ర కూడా ఇచ్చిందని, ఎవరి మాట వినాలో తెలియట్లేదని అడిగారు కదా. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతారు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఇది మీ ఒక్కరికే కాదు, మన తిరుపతిలో మీలాగే జాలిపడి కుక్కని ఇంటికి తెచ్చుకున్న పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్ళకీ చూపించండి.

ఆ మాత్ర మాత్రం ఇవ్వకండి. అన్నిటికంటే ముందు అది చెప్పాలి. మనుషుల మోషన్స్ మాత్రలు, జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు కుక్కకి డాక్టర్ చెప్పకుండా ఒక్క ముక్క కూడా వేయకూడదు. నొప్పికి మనం వేసుకునే ఐబుప్రొఫెన్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు పడేలా చేస్తాయి, కిడ్నీలని దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ ఎక్కువైతే కాలేయం పాడవుతుంది. మీ కుక్క అయిదు కిలోలు కూడా లేదు, మనకి మామూలైన మాత్ర దానికి ఎన్ని రెట్లు ఎక్కువో మీరే లెక్క వేసుకోండి.

ఇక కుక్కని చూడండి. చూడటం అంటే నిజంగా దగ్గర కూర్చుని చూడటం. పిలిస్తే తల ఎత్తుతోందా, తోక ఊపుతోందా, నీళ్ళు తాగుతోందా, తాగిన నీళ్ళు కడుపులో ఆగుతున్నాయా? తర్వాత పై పెదవి మెల్లిగా పైకెత్తి చిగుళ్ళు చూడండి, గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే అక్కడ తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్ళీ రంగు రావాలి. చిగుళ్ళు జిగటగా, పొడిగా తగిలాయంటే ఒంట్లో నీరు తగ్గుతోందని అర్థం. కొన్ని కుక్కలకి చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, వాటికి కింది కంటిరెప్ప కొంచెం లాగి లోపలి రంగు చూడాలి. మెడ వెనక చర్మం పట్టుకుని వదిలి చూడమని కూడా చెబుతుంటారు, అది మంచి పరీక్షే, కాకపోతే ఎముకలు తేలిన కుక్కలో చర్మం ఎలాగూ నెమ్మదిగానే వెనక్కి వెళ్తుంది కాబట్టి చిగుళ్ళనే ఎక్కువ నమ్మండి. ఇదంతా చేసేటప్పుడు పక్కన పెద్దవాళ్ళు ఉండాలి. కడుపు నొప్పితో ఉన్న కుక్క, కొత్తగా వచ్చిన కుక్క, భయంతో కరవచ్చు. కరిస్తే దాచిపెట్టకండి, చిన్న గీరుడైనా సరే, పావుగంటసేపు సబ్బూ నీళ్ళతో కడిగి అదే రోజు మీరు ఆసుపత్రికి వెళ్ళాలి.

కొన్ని సందర్భాల్లో ఇంట్లో ఏమీ ప్రయత్నించకూడదు, ఆటో పిలిచి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళిపోవడమే. విరేచనంలో రక్తం పడినా, తారులాగా నల్లగా వచ్చినా, తాగిన నీళ్ళు కూడా కక్కేస్తున్నా, చిగుళ్ళు పాలిపోయినా, పొట్ట ఉబ్బి ఊరికే డోకుతూ ఏమీ బయటికి రాకపోయినా, మూలకి వెళ్ళి పడుకుని లేవకపోయినా ఆగకండి. టీకాలు పడని చిన్న కుక్కపిల్ల అయితే మరీ తొందర. దానికి పార్వో అనే వైరస్ జబ్బు రావచ్చు, నీచు కంపు కొట్టే రక్త విరేచనాలు, ఆగని వాంతులు, ఒకట్రెండు రోజుల్లోనే పిల్ల చేతుల్లోంచి జారిపోతుంది. సెలైన్ ఎక్కించి సమయానికి చూస్తే చాలా పిల్లలు బతుకుతాయి, పెరుగన్నం పెట్టి రేపు చూద్దాంలే అనుకుంటే బతకవు. మన ఊళ్ళో ఇబ్బంది లేదు, 1955 నుంచి ఉన్న పశువైద్య కళాశాల ఉంది, 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కూడా వచ్చింది, అక్కడి ఆసుపత్రిలో కుక్కల్నీ చూస్తారు. పల్లెల నుంచి ఆవుల్ని, మేకల్ని తెచ్చినవాళ్ళ మధ్య మీ చిన్న కుక్కని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడానికి మొహమాటపడకండి.

ఇవేవీ లేకుండా, హుషారుగానే ఉండి మోషన్స్ మాత్రమే అవుతుంటే అప్పుడు ఇంట్లో చేయగలిగింది ఉంది. అందులో మొదటిది, పెట్టడం తగ్గించడం.

ఇది మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఆకలితో వీధుల్లో తిరిగిన కుక్క కదా, ఇప్పుడైనా కడుపునిండా తిననీ అని ఇంట్లో అందరూ తలా ఒకటి పెడతారు. పొద్దున పాలు, బిస్కెట్లు, మధ్యాహ్నం పప్పన్నం, సాయంత్రం వడ ముక్క, రాత్రికి కొత్తగా కొన్న కుక్కల ఫుడ్, మధ్యలో తాతయ్య చేతిలోంచి ఇంకేదో. ఎవరి లెక్క వాళ్ళది, మొత్తం లెక్క ఎవరి దగ్గరా ఉండదు. అయిదు కిలోల కుక్కకి ఒక బిస్కెట్ పెట్టడం అంటే అరవై కిలోల మనిషి కూర్చుని డజను బిస్కెట్లు తిన్నట్టు. పైగా దాని పేగులు మొన్నటిదాకా వేరే తిండికి అలవాటు పడి ఉన్నాయి, వాటిలో ఉండే మంచి సూక్ష్మజీవులు కొత్త తిండికి తగ్గట్టు మారడానికి కొన్ని రోజులు పడుతుంది. ఎన్నో రోజులు పస్తులున్న కుక్కకి ఒక్కసారిగా బోలెడంత పెడితే రక్తంలో ఫాస్ఫరస్ లాంటి లవణాలు పడిపోయి ప్రాణం మీదికి కూడా రావచ్చు. అందుకే బాగా బక్కచిక్కిన కుక్కకి మొదటి రోజుల్లో ఎంత పెట్టాలో డాక్టర్‌నే అడగాలి, కొంచెం కొంచెంగానే పెంచాలి.

మా కుక్క చిట్టి తిరుచానూరు రోడ్డులో దొరికింది. పళ్ళెం కింద పెట్టీ పెట్టకముందే ఎవరో లాక్కుంటారన్నట్టు నమలకుండా మింగేసేది, అయిదు నిమిషాల్లో మెతుకు మెతుకుగా అలాగే బయటికి వచ్చేసేది, మళ్ళీ దాన్నే తినబోయేది. అది జబ్బు కాదు, ఆత్రం. వెడల్పు పళ్ళెం తీసుకుని మధ్యలో బరువైన స్టీలు లోటా బోర్లించి, చుట్టూ అన్నం పలచగా పరిచి పెట్టాను. లోటా చుట్టూ తిరుగుతూ నాకుతూ తినాల్సి వచ్చేసరికి వేగం దానంతటదే తగ్గింది, వాంతులూ ఆగాయి. అది తినేటప్పుడు దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు, మనవళ్ళని కూడా. వీధిలో బతికిన కుక్కకి తిండి దగ్గర భయం పోవడానికి టైం పడుతుంది, మీరూ తినేటప్పుడు పళ్ళెం ముట్టుకోకండి.

సరే, ఇప్పుడు ఏం పెట్టాలి? బాగా ఎదిగిన ఆరోగ్యమైన కుక్క వాంతి చేసుకుంటే ఒక పూట తిండి ఆపి చూడొచ్చు, నీళ్ళు మాత్రం కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పెట్టాలి, గిన్నెనిండా పెడితే గబగబా తాగి కక్కుతుంది. చిన్న కుక్కపిల్లకి మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి, దాని ఒంట్లో చక్కెర తొందరగా పడిపోయి వణుకుతూ కూలబడిపోతుంది. పిల్ల తినకపోతే డాక్టర్ దగ్గరికి పోవడమే.

వాంతులు ఆగాక తెల్లన్నం మెత్తగా, మామూలుకంటే ఎక్కువ నీళ్ళు పోసి వండండి. తోలూ ఎముకా తీసేసిన చికెన్ ఉత్త నీళ్ళలో ఉడకబెట్టి, పైన తేలిన కొవ్వు తీసేసి, నారనారగా చీల్చండి. రెండు వంతులు అన్నం, ఒక వంతు చికెన్, చేత్తో బాగా పిసికి గోరువెచ్చగా పెట్టండి. ఉప్పు, పసుపు, నూనె, తిరగమోత ఏమీ వద్దు, మనకి చప్పగా ఉన్నా దానికి కమ్మగానే ఉంటుంది. అయిదు కిలోల కుక్కకి ఒక విడతకి రెండు మూడు పెద్ద చెంచాలు, రోజుకి నాలుగైదు విడతలు. మీ ఇంట్లో మాంసం వండరంటే ఉడికించిన కోడిగుడ్డు తెల్లసొన, అదీ కాదంటే ఉప్పు లేని పనీర్ కొంచెం. ఎర్ర గుమ్మడికాయ ఉత్తగా ఉడికించి మెదిపి ఒక చెంచా కలిపితే పలచని విరేచనం గట్టిపడటానికి సాయం చేస్తుంది. పెరుగు సంగతి అడిగారు. పాలకంటే పెరుగు నయమే, కొన్ని కుక్కలకి పడుతుంది కూడా, కానీ మొదటి రెండు రోజులు వద్దు. ఒకేసారి నాలుగు కొత్తవి పెడితే ఏది పడింది, ఏది పడలేదు అన్నది ఎలా తెలుస్తుంది? పాలు అసలే వద్దు, ఎదిగిన కుక్కలు చాలావాటికి పాలలో చక్కెర అరగదు.

మన ఎండలకి ఇంకో జాగ్రత్త, అది తినకుండా వదిలేసింది వసారాలో అలాగే ఉంచకండి, మధ్యాహ్నానికి పులిసిపోతుంది, ఈగలు ముసురుతాయి, సాయంత్రం దాన్నే తిని మళ్ళీ మొదటికొస్తుంది. పావుగంటలో తీసేయండి.

మూడు రోజుల్లో మలం గట్టిపడితే అప్పుడు పాత తిండిలోకి మెల్లిగా మార్చాలి. మొదట ముప్పాతిక అన్నం చికెన్, పావు వంతు మామూలు తిండి, రెండు రోజులయ్యాక సగం సగం, అలా వారం పది రోజులు పట్టనివ్వండి. తగ్గింది కదా అని ఒక్క పూటలో మార్చేసి మళ్ళీ మోషన్స్ తెచ్చుకునేవాళ్ళే ఎక్కువ. అలాగని ఈ అన్నం చికెనే నెలల తరబడి పెట్టకండి, అందులో కాల్షియం లాంటివి చాలవు.

పెట్టకూడనివి కూడా చెప్తాను, మన ఊరివి ముందు. లడ్డు పెట్టకండి. స్వామివారి ప్రసాదం దానికీ ఒక ముక్క పెడదామని మనసుకి అనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ అందులో నెయ్యి, చక్కెరతో పాటు ఎండుద్రాక్ష ఉంటుంది, ద్రాక్ష అయినా ఎండుద్రాక్ష అయినా కుక్కల కిడ్నీలని పాడుచేయగలదు, ఏ కుక్కకి ఎన్నింటితో ప్రమాదమో ముందు చెప్పలేం. పొరపాటున తిని ఉంటే లక్షణాలు వచ్చేదాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), తెల్లగడ్డలు (వెల్లుల్లి) వేసింది ఏదీ వద్దు, పచ్చివైనా ఉడికినవైనా, వాటివల్ల రక్తకణాలు దెబ్బతింటాయి. అంటే సంగటిలోకి చేసిన నాటుకోడి పులుసు, ఊరిబిండి, సాంబారు అన్నీ పోయినట్టే. ఉడికిన ఎముకలు చీలికలుగా విరిగి పేగులకి గుచ్చుకుంటాయి, ఆదివారం ఇంట్లో కోడి వండినప్పుడు చెత్తబుట్టకి మూత పెట్టండి. చాక్లెట్ వద్దు. మామిడికాయల కాలంలో చిత్తూరు వైపు ఏ ఇంటి ముందు చూసినా టెంకలే, చిన్న కుక్క టెంక మింగితే అది పేగులో అడ్డం పడి ఆపరేషన్ దాకా పోతుంది. ఎప్పుడూ లేనిది వాంతులు మొదలై, మలం కూడా రాకపోతే ఇంట్లో టెంక, బొమ్మ, సాక్సు ఏదైనా కనబడకుండా పోయిందేమో వెతకండి.

పొద్దున్నే ఖాళీ కడుపుతో పసుపు నురగ కక్కి, తర్వాత మామూలుగా ఆడుకుంటుంటే అది పిత్తం కావచ్చు, రాత్రి పడుకునే ముందు కొద్దిగా తిండి పెడితే చాలాసార్లు ఆగిపోతుంది. అప్పుడప్పుడు గడ్డి తింటే మాత్రం టెన్షన్ పడకండి.

ఇప్పుడు అసహ్యం అనుకోకుండా వినండి. మలం చూడాలి. చాలాసార్లు, కొంచెం కొంచెంగా, జిగురుతో, ముక్కుతూ పోతుంటే గొడవ పెద్దపేగులో ఉన్నట్టు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, దీపావళి టపాకాయల భయానికి కూడా అలా అవుతుంది. నీళ్ళలాగా ఎక్కువెక్కువగా పోతూ, మామూలుగానే తింటున్నా బరువు తగ్గుతుంటే చిన్నపేగు సంగతి, దానికి పరీక్షలు కావాలి. మలంలో సేమ్యాలాంటి తెల్లని పురుగులు కనిపిస్తే నులిపురుగులు. అవి తల్లి కడుపులో ఉండగానే పిల్లలకి వచ్చేస్తాయి, అందుకే వీధి పిల్లల్లో అంత మామూలు. తోక కింద బియ్యపు గింజంత ముక్కలు అంటుకుని ఉంటే బద్దెపురుగు, అది ఒంటిమీద ఉండే ఫ్లీస్ అనే గెంతే పురుగుల వల్ల వస్తుంది, కాబట్టి మందు కడుపుకే కాదు ఒంటికీ వేయాలి. కంటికి ఏమీ కనిపించకపోయినా లోపల ఉండొచ్చు. అందుకే డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఆ రోజు మలం కొంచెం మూత ఉన్న చిన్న డబ్బాలో తీసుకెళ్ళండి, మైక్రోస్కోప్ కింద గుడ్లు చూసి ఏ మందో చెబుతారు. కుక్కపిల్లలకి మూడు నెలల వయసు వచ్చేదాకా రెండు వారాలకోసారి, ఆరు నెలలదాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి పురుగుల మందు వేయడం మామూలు పద్ధతి, మోతాదు మాత్రం బరువు తూచి డాక్టరే చెప్పాలి. కొన్ని పురుగులు మనకీ అంటుకుంటాయి. మలం తీశాక, కుక్కతో ఆడాక, అన్నానికి కూర్చునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం మానకండి, పెరట్లో చెప్పుల్లేకుండా తిరగకండి.

ఒక నోటుబుక్ పెట్టండి. ఏ రోజు ఏం పెట్టారు, ఎవరు పెట్టారు, మలం ఎలా ఉంది, వాంతి తిన్న ఎంతసేపటికి అయింది, బరువు ఎంత. బరువు చూడటం తేలిక, మీరు దాన్ని ఎత్తుకుని మెషిన్ ఎక్కండి, తర్వాత ఒక్కరే ఎక్కండి, తీసేయండి. పది నిమిషాల్లో డాక్టర్‌కి మీరు నోటితో చెప్పలేనిది ఆ రెండు పేజీలు చెబుతాయి. పక్కింటావిడ ఇచ్చిన మాత్ర ఇప్పటికే వేసి ఉంటే దాని పేరు కూడా అందులో రాయండి, స్ట్రిప్ తీసుకెళ్ళండి, డాక్టర్ దగ్గర అది అస్సలు దాచకూడదు. వాంతులు, మోషన్స్ తగ్గాక టీకాల సంగతి కూడా అడగండి, పార్వోకి, రేబిస్‌కి ఎప్పుడెప్పుడు వేయించాలో ఆ నోటుబుక్ వెనక పేజీలో రాయించుకోండి.

మీరు రెండు రోజులన్నారు కాబట్టి ఇక ఆలస్యం చేయకండి, ఈ రోజే అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని తీసుకెళ్ళండి. డాక్టర్ ఏమన్నారో సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ అవ్వ,
తిరుపతి