లారెడోను చీల్చిన గీత

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) నియోజకవర్గాల మ్యాపు మళ్లీ కోర్టుకెక్కింది. 2025 ఆగస్టులో శాసనసభ ఆమోదించిన ఈ మ్యాపును, జాతి చూసి గీశారంటూ, నవంబరులో ఫెడరల్ ధర్మాసనం 2-1తో ఆపింది. డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసి, 2026 ఎన్నికలు కొత్త మ్యాపుతోనే జరుపుకోనిచ్చింది. రిపబ్లికన్లకు ఇంకో ఐదు సీట్లు తేవడమే దీని లక్ష్యం.

గొడవంతా హిస్పానిక్ జనం, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు, ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఎంతమంది ఉన్నారన్న దాని చుట్టూనే. 2020 జనాభా లెక్కల్లో రాష్ట్రంలో వాళ్లు 39.3 శాతం, హిస్పానిక్ కాని శ్వేతజాతీయులు 39.7 శాతం. మెక్సికో సరిహద్దులోని వెబ్, స్టార్ కౌంటీల్లో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా వాళ్లే. తలల లెక్కన చూస్తే హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీది మొదటి స్థానం, దాదాపు 20 లక్షలు. మన తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన కొలిన్, డెంటన్ కౌంటీల్లో హిస్పానిక్‌ల వాటా రాష్ట్ర సగటు కన్నా బాగా తక్కువ.

ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే 2003కు వెళ్లాలి. మన దగ్గర ఈ పనికి డీలిమిటేషన్ కమిషన్ ఉంటుంది. అక్కడ శాసనసభే గీతలు గీస్తుంది. కొత్త జనాభా లెక్కలేవీ రాకపోయినా ఆ ఏడాది రిపబ్లికన్లు మ్యాపు మార్చారు. 23వ నియోజకవర్గంలో రిపబ్లికన్ సభ్యుడు హెన్రీ బోనియా మీద హిస్పానిక్ ఓటర్లు తిరగబడుతున్నారు, ఈసారి ఓడించేలా ఉన్నారు. దాంతో అప్పటిదాకా మొత్తంగా అందులోనే ఉన్న వెబ్ కౌంటీని, దాని ముఖ్యపట్టణం లారెడోతో సహా రెండుగా చీల్చారు. దాదాపు లక్షమందిని పక్క నియోజకవర్గంలోకి నెట్టారు. 23వ నియోజకవర్గంలో ఓటుహక్కున్న పౌరుల్లో హిస్పానిక్‌ల వాటా 57.5 నుంచి 46 శాతానికి పడిపోయింది. దానికి బదులు హిస్పానిక్‌ల సీటని చూపించిన 25వ నియోజకవర్గమేమో ఆస్టిన్ నుంచి సరిహద్దు దాకా 300 మైళ్ల సన్నటి పేలిక. ఈ కొస జనానికి ఆ కొస జనంతో సంబంధమే లేదు.

2006లో సుప్రీంకోర్టు 23వ నియోజకవర్గం మార్పును కొట్టేసింది. గీతలు మళ్లీ గీశాక అదే డిసెంబరులో బోనియా ఓడిపోయాడు. కానీ పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కల మధ్యలో మ్యాపు మార్చడం తప్పని మాత్రం ఆ తీర్పు అనలేదు. 2025కు దారి వేసింది ఆ తీర్పే.

ఇది జాతి చూసి చేసింది కాదు, పార్టీ లెక్క మాత్రమే అని రిపబ్లికన్లు అంటున్నారు. 2024లో స్టార్ కౌంటీ కూడా ట్రంప్‌కే ఓటేసిందని గుర్తుచేస్తున్నారు. అది నిజమే. అయితే 2010-20 మధ్య రాష్ట్రంలో పెరిగిన 40 లక్షల మందిలో సగం హిస్పానిక్‌లే. ఆ పెరుగుదల వల్లే రెండు సీట్లు అదనంగా వచ్చాయి. 2021 మ్యాపులో ఆ రెండిట్లోనూ శ్వేతజాతి ఓటర్లకే మెజారిటీ దక్కింది.