టెస్టోస్టెరాన్ సూది కంటే ముందు చూసుకోవాల్సినవి

నలభై దాటిన మనిషికి ఒంట్లో ఓపిక తగ్గింది, కోరిక మునుపట్లా లేదు. సాయంత్రం ల్యాబుకు వెళ్లి రక్తమిస్తే మగ హార్మోను టెస్టోస్టెరాన్ డెసీలీటరుకు 270 నానోగ్రాములే, అంటే తక్కువ అని వచ్చింది. మర్నాడే సూది. ఈ వరుసలో మొదటి తప్పు ల్యాబుకు వెళ్లిన వేళలోనే ఉంది. ఈ హార్మోను పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది, ఏదైనా తింటే ఇంకాస్త పడుతుంది. అందుకే ఉదయం పది లోపు, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో చూపించుకోవాలి. జ్వరం తగ్గీ తగ్గని వారంలో వద్దు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లకు కొన్ని యంత్రాలు లేని హార్మోనును ఉన్నట్టు చూపిస్తాయి. పరీక్షకు రెండు మూడు రోజుల ముందే వాటిని ఆపాలి.

బొజ్జ ఉన్నవాళ్లలో మరో చిక్కు. హార్మోనును మోసుకెళ్లే ప్రోటీన్ తగ్గడంతో మొత్తం అంకె తక్కువ వస్తుంది, పనిచేసే ఫ్రీ టెస్టోస్టెరాన్ మాత్రం సరిగానే ఉండొచ్చు. రెండుసార్లూ నిజంగానే తక్కువుంటే, టెస్టోస్టెరాన్ తయారు చేయమని వృషణాలకు చెప్పే పిట్యూటరీ (మెదడు అడుగున ఉండే గ్రంథి) హార్మోను ఎల్‌హెచ్ చూడాలి. అది ఎక్కువుంటే లోపం వృషణాల్లో ఉంది: క్లైన్‌ఫెల్టర్ అనే పుట్టుకతో వచ్చే క్రోమోజోమ్ లోపం కావచ్చు, ఎప్పుడో వచ్చిన గవదబిళ్లలు కావచ్చు. అదీ తక్కువుంటే పిట్యూటరీ వైపు చూడాలి. ఎల్‌హెచ్ చూడకుండా సూది మొదలుపెట్టడం కారణం వెతక్కుండా మందివ్వడమే.

ఇక పిల్లల సంగతి. వీర్యకణాలు తయారు కావాలంటే వృషణాల లోపల టెస్టోస్టెరాన్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఉండాలి. బయట నుంచి సూదితో ఇస్తే రక్తంలో అంకె పెరుగుతుంది. మెదడు అది చూసి, చాలినంత ఉందనుకుని, వృషణాలను నడిపే పిట్యూటరీ హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్‌లను ఆపేస్తుంది. వృషణాల్లో సొంత తయారీ పడిపోతుంది, కణాలు సున్నాకు చేరొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ సూదిని మగవాళ్ల గర్భనిరోధకంగానే పరీక్షించింది. ఆ ఫలితాలు 1990లో వచ్చాయి: ఎక్కువమందిలో ఆరు నెలల్లోనే కణాలు కనిపించకుండా పోయాయి. జిమ్‌లో కండల కోసం వేయించుకునే కుర్రాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పరు. ఆపాక చాలామందికి ఏడాదిలోపు కణాలు తిరిగి వస్తాయి, కొందరికి రెండేళ్లూ పట్టొచ్చు. పిల్లలు కావాలనుకునేవాళ్లకు హెచ్‌సీజీ, క్లోమిఫీన్ లాంటి, వృషణాల సొంత తయారీని పెంచే వేరే మందులున్నాయి, అవీ నిపుణుల చేతిలోనే.

మరి లాభం ఎంత? 65 దాటిన 790 మందికి ఏడాదిపాటు జెల్ ఇచ్చి చూసిన అమెరికా అధ్యయనం ఫలితాలు 2016, 2017లలో వచ్చాయి. కోరిక కొంత పెరిగింది, రక్తహీనత, ఎముకల సాంద్రత మెరుగుపడ్డాయి. నీరసంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. చాలామంది డాక్టరు దగ్గరికి వచ్చేది ఆ నీరసంతోనే! గుండె భయాన్ని 2023 నాటి ట్రావర్స్ అనే పెద్ద అధ్యయనం చాలావరకు తీర్చింది: గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి మందు వాడినవాళ్లలో 7.0 శాతం, ఉత్తుత్తి జెల్ వాడినవాళ్లలో 7.3 శాతం. అయితే గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మందు వైపే ఎక్కువ కనిపించాయి. ఎముకలు విరగడం కూడా 2.46 నుంచి 3.50 శాతానికి పెరిగింది. సాంద్రత పెంచే మందుతో ఇలా జరుగుతుందని ఎవరూ ఊహించలేదు.

వాడేటప్పుడు కనిపెట్టుకుని ఉండాల్సింది హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వంతు. అది 54 శాతం దాటితే రక్తం చిక్కబడినట్టే, మందు ఆపాలి. రెండు మూడు వారాలకోసారి 250 మిల్లీగ్రాములు వేస్తే మొదటి రోజుల్లో హార్మోను ఆకాశానికెక్కి, చివరికి నేలకు దిగుతుంది. రక్తం చిక్కబడటం ఈ పద్ధతిలోనే ఎక్కువ. జెల్‌తో ఆ ఎగుడుదిగుళ్లు లేవు కానీ, రాసుకున్న భుజం ఆరకముందే పిల్లల్ని ఎత్తుకుంటే హార్మోను వాళ్ల ఒంటికి అంటుతుంది. మొదలుపెట్టిన మూడు నుంచి ఆరు నెలల్లో ఒకసారి, ఏడాదికి మరోసారి హెమటోక్రిట్, పీఎస్ఏ (ప్రొస్టేట్ గ్రంథి పరిస్థితి చెప్పే రక్తపరీక్ష) చూపించుకోవాలి. ఏడాదిలోపు పీఎస్ఏ మిల్లీలీటరుకు 1.4 నానోగ్రాముల కంటే ఎక్కువ పెరిగితే యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లు, గాఢమైన గురకతో నిద్రలో ఊపిరాగే జబ్బుకు వైద్యం చేయించుకోనివాళ్లు, ఆరు నెలల్లోపు గుండెపోటు వచ్చినవాళ్లు అసలు మొదలుపెట్టకూడదు.

ఆరు నెలలు వాడినా తేడా లేకపోతే డాక్టరుతో మాట్లాడి ఆపేయడమే మేలు. ఆపిన తొలి వారాల్లో నీరసం మునుపటికంటే ఎక్కువగా ఉంటుంది. మందు పనిచేసిందనడానికి అది రుజువు కాదు, పిట్యూటరీ ఇంకా నిద్ర లేవలేదంతే. కొన్ని నెలలాగి ఎల్‌హెచ్, టెస్టోస్టెరాన్ మళ్లీ పొద్దున పరగడుపున చూపించుకోవాలి.