చిన్నప్పుడు ఏడిపించిన సినిమా: అపోహలు - వాస్తవాలు

కౌన్సెలింగ్‌లో మాట ఎక్కడ మొదలైనా, ఒక్కోసారి ఎప్పుడో చూసిన సినిమా దగ్గరికొచ్చి ఆగుతుంది.

అపోహ: పిల్లలకేం తెలుసు, రెండ్రోజుల్లో మర్చిపోతారు.
కథ మర్చిపోతారు, బెంగ మిగులుతుంది. మనసు బాగా కదిలినప్పుడు మెదడులోని అమిగ్డలా అనే భాగం ఆ జ్ఞాపకం గట్టిపడేలా చేస్తుంది. అమెరికాలో 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో, చిన్నతనంలో భయపెట్టిన సినిమా, టీవీ దృశ్యాల ప్రభావం ఇంకా పోలేదని కాలేజీ విద్యార్థుల్లో దాదాపు నాలుగో వంతు మంది చెప్పారు. పైగా చనిపోయినవాళ్లు తిరిగిరారని పిల్లలకు బోధపడేది సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ల మధ్య. ఇంట్లో ఎవరూ చెప్పకముందే కొందరికి ఆ సంగతి తెర మీద తెలుస్తుంది.

అపోహ: అంత స్పష్టంగా గుర్తుందంటే అలాగే చూసుంటాం.
1942 నాటి డిస్నీ బొమ్మల సినిమా ‘బాంబి’లో తల్లి జింక కూలిపోవడం కళ్లారా చూశామనేవాళ్లున్నారు. ఆ దృశ్యం సినిమాలో లేనేలేదు. తుపాకీ పేలిన శబ్దం వస్తుంది, పిల్ల ఒక్కటే మిగులుతుంది, మంచు కురుస్తుంటుంది. మిగతాది మన బుర్ర గీసుకున్న బొమ్మే.

అపోహ: పెద్దయ్యాక కూడా ఏడుపొస్తే మనసు బలహీనం.
అదేం లేదు. పిల్లలు పుట్టాక అదే సినిమా చూడండి, ఈసారి ఇంకో సీన్ దగ్గర ఏడుస్తారు.

అపోహ: “ఉత్తి సినిమానే కదా” అంటే ఊరుకుంటారు.
నాకు ఒళ్లు మండే మాట ఇది. ఏడేళ్లలోపు పిల్లలకు ఇలాంటి వివరణ కంటే ఒళ్లో కూర్చోబెట్టుకోవడం బాగా పనిచేస్తుంది. నలభై దాటిన ఒకాయన, తెర మీద కుక్క చచ్చిపోతుందనగానే లేచి బయటికెళ్లిపోతారు. కదిపి చూస్తే, చిన్నప్పుడు చూసిన సినిమాలో కుక్క సంగతి ఆయనకు సరిగా గుర్తే లేదు. హాల్లో లైట్లు వెలగడం, చొక్కా చేతికి ముక్కు తుడుచుకోవడం, పక్కవాళ్లు నవ్వడం మాత్రం గుర్తున్నాయి. ఇన్నేళ్లూ మోసింది ఆ సిగ్గునే.

అపోహ: అసలు చూపించకపోతే గొడవే ఉండదు.
సినిమా చూశాక పిల్లలకు వారాల తరబడి నిద్ర పట్టకపోతే, ఒంటరిగా ఉండలేకపోతే నిపుణులకు చూపించండి. అంత ఇబ్బంది లేకపోతే సినిమా మాన్పించక్కర్లేదు, పక్కన కూర్చుని చూడండి. చివర్లో పేర్లు పడుతున్నప్పుడు ఫోన్ తియ్యకండి, ప్రశ్నలొచ్చేది అప్పుడే. “అమ్మా, నువ్వూ చచ్చిపోతావా?” అంటే టెన్షన్ పడి మాట మార్చొద్దు. “ఎప్పుడో ఒకరోజు అందరూ పోతారు నాన్నా. నేను మాత్రం చాలా ఏళ్లు నీతోనే ఉంటాననుకుంటున్నా” అని దగ్గరికి తీసుకుంటే చాలు.