గుండ్రని గిన్నె గుడ్డులా ఎందుకు మారింది?

బెంగళూరు,
ఆదివారం సాయంత్రం

చిరంజీవులు బుజ్జికి, చంటికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ నాయనమ్మా కులాసా. పొద్దున్నుంచీ జల్లు పడుతూనే ఉంది. చెక్క తిప్పే నా తరిమెన దగ్గరికి వెళ్ళే వీలు లేక ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

నిన్న ఫోనులో బుజ్జి అడిగిన ప్రశ్న రాత్రంతా నన్ను వదలలేదు. "తాతయ్యా, వేసవి సెలవుల్లో నువ్వు చేసిచ్చిన మామిడి చెక్క గిన్నె అప్పుడు గుండ్రంగానే ఉంది కదా! ఇప్పుడు కోడిగుడ్డులా అయిపోయింది. నువ్వేమైనా తప్పు చేశావా?" అని కదా అడిగింది. నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి చంటి, "అప్పుడు పట్టిన స్టీలు మూత ఇప్పుడు పట్టడం లేదు" అని సాక్ష్యం కూడా చెప్పాడు. న్యాయస్థానంలో నిలబడినట్టు అనిపించింది నాకు.

తప్పు చేయలేదు, తొందరపడ్డాను. ఆ రెండింటికీ తేడా ఉందో లేదో ఉత్తరం చివర మీరే చెప్పండి.

ఆ చెక్క ఎలా వచ్చిందో మీకు గుర్తుందా? ఏప్రిల్ చివర ఒక సాయంత్రం మల్లేశ్వరంలో పెద్ద గాలివాన వచ్చి, వెనక వీధిలో మామిడి కొమ్మ విరిగి పడింది. కొమ్మను ముక్కలు చేస్తున్నవాళ్ళను అడిగి ఒక మొద్దు తెచ్చుకున్నాను. పచ్చి మొద్దు! కోసిన చోట జీడి తగిలి రెండు రోజులు చేతులు దురద పెట్టాయి. నాయనమ్మ కొబ్బరినూనె రాస్తూ, "అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఈ బొంగరాల పని ఎందుకండీ?" అంది. ఆ మాటకు జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

చెక్కను తిప్పుతూ ఉలితో గుండ్రంగా తీసే యంత్రాన్నే తరిమెన అంటారు. ఇప్పుడు అందరూ లేత్ అంటున్నారు. మీరూ అలాగే అనండి, కానీ పాత పేరు కూడా ఒకసారి నోటితో పలకండి, బాగుంటుంది. ఎవరో వాడి వదిలేసిన చిన్న లేత్‌ను సంక్రాంతి వెళ్ళిన వారం కొన్నాను. మనకు కారు లేదు కాబట్టి కారు షెడ్డు దానికి ఇల్లయింది.

మొదట అప్పడాల కర్ర చేద్దామనుకున్నాను. గుండ్రటి కర్రే కదా, ఎంతసేపు! తిరుగుతున్న చెక్కకు ఉలి అంచును సూటిగా ఆనించాను. ఉలి కసుక్కున కొరికింది, కర్ర ఊడి ఎగిరి గోడకు కొట్టుకుంది. ముఖానికి అడ్డు పెట్టుకున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉలిని ముందు ఉలి పీట మీద ఆనించాలి. తరువాత అంచు వెనక ఏటవాలుగా సానపట్టిన భాగం ఉంటుంది చూడండి, దాన్ని చెక్కకు ఆనించాలి. అప్పుడు ఏమీ తెగదు, ఉలి ఊరికే రాసుకుంటూ ఉంటుంది. ఆ తరువాత పిడిని కొంచెం కొంచెంగా పైకి లేపితే ఒక చోట సన్నని పొట్టు మొదలవుతుంది. ఆ చోటును కంటితో కాదు, చెవితో పట్టుకోవాలి. టకటకమంటే తప్పు, సుయ్యిమంటే ఒప్పు. ఇది తెలియడానికి నాకు నెలన్నర పట్టింది. మొదటి మూడు కర్రలను నాయనమ్మ "రోకలికి తమ్ముళ్ళు" అంది. నాలుగోదానితో చపాతీలు చేసింది. గతుకులు మిగిలితే ఉప్పుకాగితంతో రుద్దేయవచ్చులే అనుకునేవాణ్ణి మొదట్లో. గంటసేపు రుద్దినా గతుకు గతుకే. ఉలికి సాన పట్టడం నేర్చుకున్నాకే ఉప్పుకాగితం ఖర్చు తగ్గింది.

ఇక మీ ప్రశ్న. అప్పడాన్ని తలుచుకోండి.

అప్పడం ఒత్తినప్పుడు గుండ్రంగా, చదునుగా ఉంటుంది. ఎండలో పెడితే? అంచులు ముందు ఆరతాయి, నడుమ ఇంకా తడి ఉంటుంది, దాంతో అంచులు పైకి లేస్తాయి. మరీ మండుటెండలో పెడితే పగులుతుంది. నీడపట్టున ఆరితే బుద్ధిగా ఆరుతుంది. పచ్చి చెక్క గిన్నె కూడా అంతే. పిండి పలచగా ఉంటే కర్రకు అంటుకున్నట్టే, చెక్క మరీ తడిగా ఉంటే తిప్పేటప్పుడు నీళ్ళు ముఖాన చిమ్ముతాయి. పిండి ఎండిపోతే ఒత్తడం కష్టమైనట్టే, ఎండిన మామిడి మీద ఉలి బరువుగా నడుస్తుంది. అప్పడం మీద మిరియపు పలుకు వచ్చినట్టే చెక్కలో ముడి వస్తుంది...

అప్పడాల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. మా అమ్మమ్మ ఊరు ఏటికొప్పాక, వరాహ నది ఒడ్డున. లక్క బొమ్మల ఊరు అది. వేసవిలో అమ్మమ్మ మంచం మీద పాత పంచె పరిచి అప్పడాలు ఆరబెట్టి, కాకులు రాకుండా నన్ను కాపలా పెట్టేది. రెండు ఇళ్ళ అవతల ఒక పెద్దాయన అంకుడు కర్రతో బొంగరాలు తీసేవాడు. చెక్కకు తాడు చుట్టి ఒక కుర్రాడు కవ్వం తిప్పినట్టు అటూ ఇటూ లాగేవాడు. చెక్క తనవైపు తిరిగినప్పుడు పెద్దాయన ఉలి ఆనించేవాడు, వెనక్కి తిరిగేటప్పుడు తీసేవాడు. ఒకరోజు ఆ కుర్రాడు రాలేదు. "లాగుతావా అబ్బాయ్?" అన్నాడాయన. అప్పడాలను దేవుడికి వదిలేసి పరుగెత్తాను.

భుజాలు పడిపోయాయి కానీ ఎంత చూశానో! ఆయన రంగు లక్క కడ్డీని తిరుగుతున్న బొంగరానికి అదిమి పట్టాడు. నిప్పు లేదు, పొయ్యి లేదు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి చెక్కను ఎర్రగా చుట్టుకుంది. తిరిగి వచ్చేసరికి మంచం మీద కాకులు కచేరీ చేస్తున్నాయి. ఆ పూట నాకు పడ్డ చీవాట్లు రాయను. ఈజిప్టులో సుమారు 2,300 ఏళ్ళ నాటి పెటోసిరిస్ అనే పూజారి సమాధి గోడ మీద ఇలాగే ఒకడు తాడు లాగుతుంటే ఇంకొకడు చెక్క తీస్తున్న బొమ్మ ఉందని పెద్దయ్యాక చదివాను. తాడు లాగినవాడికి కూడా గోడ మీద చోటు దొరికిందని సంతోషించాను. చేసేవాడి పేరు అందరూ అడుగుతారు, లాగేవాణ్ణి ఎవరూ అడగరు. మీరు అడుగుతూ ఉండండి.

ఇక్కడి బొమ్మల ఊరు చన్నపట్నంలో ఇప్పుడు ఎక్కువగా కరెంటు లేత్‌లే. ఇక్కడినుంచి అరవై కిలోమీటర్లు, దసరాకు వస్తే తీసుకువెళ్తాను. అక్కడా అంకుడే వాడతారు, కన్నడంలో ఆలె మర అంటారు. లక్క పట్టించాక మొగలి జాతి ఆకుతో రుద్ది మెరుగు పెడతారు.

ఏం చెబుతున్నాను? అప్పడం. బుజ్జి ఈపాటికి అడిగే ఉంటుంది, "అప్పడం అన్నివైపులా ఒకేలా తగ్గుతుంది కదా, గుడ్డులా కాదు కదా" అని. నిజమే. నా అప్పడం ఇక్కడ నన్ను వదిలేసింది. పోనీ, చీపురు కట్టను చూడండి. తడిసినప్పుడు పుల్లలు ఉబ్బి కట్టు బిగుతుగా ఉంటుంది. ఎండాక పుల్లలు సన్నబడి కట్టు వదులవుతుంది. కానీ చీపురు పొట్టిదవుతుందా? కాదు. చెట్టు కూడా నిలువునా పేర్చిన సన్నని గొట్టాల కట్టే. ఆరితే అడ్డంగా తగ్గుతుంది, నిలువున దాదాపు తగ్గదు. మన గిన్నెకు ఒక వ్యాసం చెట్టు నిలువునా, ఇంకోటి అడ్డంగా ఉంది. చేసిన రోజు రెండూ 15 సెంటీమీటర్లు. మొన్న మీ నాన్న కొలిచి చెప్పాడు, ఒకటి అలాగే ఉందట, ఇంకోటి 14.4. చంటీ, నీ మూత పట్టకపోవడానికి ఆ ఆరు మిల్లీమీటర్లే కారణం.

అనుభవం ఉన్నవాళ్ళు పచ్చి గిన్నెను ముందు మందంగా తీసి వదిలేస్తారు, వ్యాసంలో పదో వంతు మందం. అది ఆరి, వంకరపోయి, సద్దుమణిగాక మళ్ళీ లేత్ మీద పెట్టి గుండ్రంగా తీస్తారు. నెలలు పడుతుంది. మీరు ఊరికి వెళ్ళేలోపు ఇవ్వాలని నేను ఒకే రోజులో పలచగా తీసేశాను.

అలా మందంగా తీసిన రెండో ముక్క ఇప్పుడు పొట్టుతో సహా కాగితపు సంచిలో ఆరుతోంది. ప్రతి ఆదివారం వంటింటి త్రాసు మీద పెడుతున్నాను: 560 గ్రాములు, తరువాత 505, 468, ఈరోజు 447. బరువు తగ్గడం ఆగిన రోజే చేయి వేస్తాను. నాయనమ్మ మాత్రం ఆ త్రాసును వంటింట్లోంచి తీసుకుపోతే ఊరుకోనంటోంది.

రేపు బడికి వెళ్ళేటప్పుడు దారి పక్కన కోసి పడేసిన మొద్దు ఏదైనా కనిపిస్తే ఆగి దాని మొహం చూడండి. వలయాలు వలయాలుగా ఉంటుంది. దాని మీద పగుళ్ళు ఉంటాయి. అవి వలయాల వెంట పోతున్నాయా, బండి చక్రం ఆకుల్లా నడుమనుంచి బయటికి పోతున్నాయా? ఒకటి కాదు, నాలుగైదు మొద్దులు చూసి బొమ్మ గీసి పంపండి. ఎందుకలా అన్నది నేను చెప్పను. చీపురు కట్ట దానికి కూడా చాలదు.

ఇట్లు,
మీ తాతయ్య

తా.క. మూత పారేయకండి. దాని కొలతకే రెండో గిన్నె తీస్తాను.